లోపలి పల్లం

ఆమెకు పాతాళం అని పేరు పెట్టింది బావ. అక్క పెళ్ళయ్యేనాటికి ఆమె ఇంకా చదువుకుంటోంది. నేల కింద ఏ రాయి ఉంటుందో, ఆ రాతి సందుల్లో నీళ్ళు ఎలా నడుస్తాయో భోజనాల దగ్గర కూడా అదే ధ్యాసగా చెబుతుంటే, "మీ చెల్లెలికి భూమ్మీద సంగతులేవీ పట్టవా, ఎప్పుడూ పాతాళంలోనే ఉంటుందే" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. ఆ మాట అలాగే అతుక్కుపోయింది. తర్వాత ఆమె భూగర్భ జలాల ఆఫీసులో ఉద్యోగంలో చేరింది, తల్లయింది, పాపిట దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి. అయినా అక్క ఇంట్లో ఆమె పాతాళమే. ఆమె మాత్రం ఊరుకుందా? ఊరి చెత్తంతా చేరే డంపింగ్ యార్డుకి బావ మేనేజరు కాగానే ఆయనకి చెత్తదొర అని బిరుదు తగిలించింది. లెక్క సరిపోయింది.

చెత్తదొరకి శుభ్రమంటే ప్రాణం. టైర్లు కడగనిదే ఒక్క లారీని రోడ్డెక్కనిచ్చేవాడు కాదు. ఏ రోజు చెత్త మీద ఆ రోజే మట్టి కప్పించేవాడు. గేటుకి అటూ ఇటూ పూలమొక్కలు వేయించి, పొద్దున్నే వచ్చి ఎండుటాకులు తనే ఏరేవాడు. ఎవరైనా ముక్కు మూసుకుని లోపలికొస్తే ఆయన మనసు చివుక్కుమనేది.

ఆ గేటు పక్కనే, చెత్త గుట్ట వాలు వచ్చి ఆగే చోట, పరిశీలన బోర్లని కొన్ని ఉన్నాయి. కుళ్ళిన చెత్తలోంచి నల్లనీళ్ళు ఊరతాయి. అవి నేలలోకి దిగితే ముందు ఆ బోర్లలో బయటపడాలి, వాటిని వేసింది అందుకు. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి బావ ఆ నీళ్ళు పరీక్షకి పంపేవాడు. ఎప్పుడు పంపినా మంచినీళ్ళనే కబురు వచ్చేది. ఆయన అంతటితో ఆగేవాడు కాదు. ఎవరైనా ఫిర్యాదు పట్టుకొస్తే వాళ్ళ కళ్ళెదుటే ఆ బోరు నీళ్ళు గ్లాసులో పట్టించి గటగటా తాగేసేవాడు. "నేనే తాగుతున్నానండీ, ఇంకేం కావాలి?" అని నవ్వేవాడు. వచ్చినవాళ్ళు కిక్కురుమనకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

అలా మళ్ళీ మళ్ళీ వచ్చి కిక్కురుమనకుండా వెనక్కి వెళ్ళిన మనిషి ఒకావిడ ఉంది. గుట్టకి వెనక వైపు, కాస్త ఎత్తు నేల మీద ఆవిడకి మొక్కల నర్సరీ. కుండీల్లో పూలమొక్కలు, అంటు కట్టిన పండ్లమొక్కలు పెంచి అమ్ముతుంది. కొన్నాళ్ళుగా ఆ మొక్కలకి ఆకుల కొసలు మాడుతున్నాయి. మొదట ఎండదెబ్బ అనుకుని పైన నీడవల కట్టించింది. తర్వాత పురుగనుకుని మందు కొట్టింది. మట్టి మార్చి చూసింది. ఈలోపు ఇంట్లో సబ్బు నురగ పట్టడం మానేసింది, బావి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఏదో జిడ్డు రుచి తగలడం మొదలైంది. అప్పుడుగానీ ఆవిడకి గుట్ట మీద అనుమానం రాలేదు. మేనేజరు దగ్గరికి తిరిగి తిరిగి విసిగి, చివరికి ఆ గేటు వైపు చూడకుండా నేరుగా పైవాళ్ళకి ఫిర్యాదు పెట్టింది. అది చేతులు మారుతూ మారుతూ వచ్చి పాతాళం బల్ల మీద పడింది.

చదవగానే ఆమెకి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. గుట్టది తప్పని తేలితే అక్క ఇంట్లో నిప్పు పోసినట్టు. కాదని తేలితే బావని వెనకేసుకొచ్చిందని లోకం. ఆమె కాగితం తీసుకుని తిన్నగా పై అధికారి గదిలోకి వెళ్ళి, ఆ మేనేజరు తన సొంత బావ అని చెప్పేసింది. పై అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆలోచించాడు. ఆ పని తెలిసినవాళ్ళు ఆఫీసులో ఇద్దరే, రెండోవాడు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. చివరికి ఆయన, నీళ్ళ సీసాలు మన ల్యాబుకి కాకుండా పక్క జిల్లా ల్యాబుకి పంపు, వాటి మీద ఊరూ పేరూ లేకుండా గుర్తులు మాత్రమే వెయ్యి, బావ సంగతి రిపోర్టు మొదటి పేజీలోనే రాయి, అన్నాడు. అంతకంటే ఎవరేం చేయగలరు?

సాయంత్రం అక్కకి కూడా చెప్పింది. అక్క గరిటె పక్కన పెట్టి పొయ్యి తగ్గించింది. చెల్లెల్ని ఉద్యోగం చేయొద్దని ఆమె అనలేదు. "నిజమేదైతే అదే రాయి. కానీ నలుగురిలో మాత్రం ఆయన్ని నవ్వులపాలు చేయకే" అంది. పాతాళం తల ఊపింది గానీ, రెండూ కుదిరే దారి ఏమిటో ఆమెకి తెలియలేదు.

నర్సరీ ఆవిడ తోటలో అంట్లు కడుతూ కనిపించింది. చేతుల నిండా మట్టి, కొంగు నడుముకి బిగించి ఉంది. పాతాళం తనని తాను పరిచయం చేసుకుని, ఇంకెవరి నోటో వినకముందే బావ సంగతి తనే చెప్పింది. ఆవిడ కత్తి పక్కన పెట్టి ఎగాదిగా చూసింది.

"అయితే రిపోర్టు ఎప్పుడో రాసేసే ఉంటారు" అంది.

"ఇంకా నీళ్ళే తీయలేదమ్మా. తీసినప్పుడు రెండు సీసాలు పడతాను. ఒకటి నేను పంపిస్తాను. రెండోది సీలు వేసి మీ చేతికే ఇస్తాను. మీకు నమ్మకమున్న చోట పరీక్ష చేయించుకోండి."

 ఆవిడ లేచి మోటారు స్విచ్చు ఎక్కడుందో చూపించింది. నిలవ నీళ్ళు పోయేదాకా మోటారు తిరగనిచ్చి, ఆ తర్వాత పాతాళం సీసాలు నింపి ఐసు పెట్టెలో సర్దింది. నీళ్ళలో ఎంత ఉప్పు కరిగి ఉందో చెప్పే చిన్న మీటరు ఒకటి ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని బకెట్లో ముంచింది. అంకె పైకి పాకుతూ పోయి, ఆమె అనుకున్నదానికి చాలా ఎగువన నిలబడింది. ఆమె ముఖం మారకుండా చూసుకుందామనుకుంది గానీ, నర్సరీ ఆవిడ చూస్తున్నది మీటర్ని కాదు, ఆ ముఖాన్నే.

"తాగడానికి మాత్రం ఈ నీళ్ళు వద్దు. ల్యాబు వాళ్ళ మాట వచ్చేదాకానైనా" అంది పాతాళం.

అక్కణ్ణుంచి గుట్ట చుట్టి గేటు దగ్గరికి వెళ్ళింది. బావ ఎదురొచ్చి, "రా పాతాళం రా, ఇన్నాళ్ళకి మా పైలోకం మీద దయ కలిగిందా" అన్నాడు. బోర్లన్నీ తనే మూతలు తీసి చూపించాడు. అక్కడ మీటరు ముంచితే అంకె కదలనైనా కదలలేదు. అద్దంలాంటి నీళ్ళు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వాదన సూటిగా ఉంది. నర్సరీ గుట్టకి ఎగువన ఉంది. వాన కురిస్తే నీళ్ళు గేటు వైపుకి పారతాయి గానీ నర్సరీ వైపుకి ఎక్కవు. దిగువన ఉన్న బోర్లే శుభ్రంగా ఉంటే ఎగువన ఉన్న బావి గుట్ట వల్ల ఎలా చెడుతుంది? ఆవిడ బస్తాలకి బస్తాలు ఎరువు వేస్తుంది, అది దిగి బావి పాడై ఉంటుంది.

పాతాళానికీ అది కొట్టిపారేయదగ్గ మాట అనిపించలేదు. ఎరువు వల్ల చెడిన బావుల్ని ఆమె చాలా చూసింది. ఇంటికి వెళ్ళేదారంతా, అలాగే తేలితే బాగుండుననుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

ల్యాబు నుంచి కబురు రావడానికి చాలా రోజులు పట్టింది. ఎరువు దిగిన నీళ్ళలో ఉండాల్సిన నైట్రేటు ఆ బావిలో నామమాత్రంగా ఉంది. క్లోరైడు, అమ్మోనియా మాత్రం విపరీతంగా ఉన్నాయి. ఎరువు బావి అలా ఉండదు. కుళ్ళిన చెత్త ఊట అలా ఉంటుంది. నర్సరీ ఆవిడ తన సీసాని కూతురితో వేరే చోటికి పంపించి పరీక్ష చేయించుకుంది. అక్కడా అదే తేలింది.

మరి ఊట ఎగువకి ఎలా ఎక్కింది? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. నీరు పల్లానికే పోతుంది, అందులో సందేహం లేదు. అయితే నేల పైన కనిపించే పల్లం వేరు, కింద రాయికి ఉండే పల్లం వేరు కావచ్చు. అది తేలాలంటే గుట్ట చుట్టూ ఉన్న బావుల్లో, బోర్లలో నీటి మట్టాలు కొలిచి, అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చి, ఏది ఎత్తో ఏది దిగువో చూడాలి. ఆ పని ఒక్కళ్ళ వల్ల కాదు. ఒకరు మూడు కాళ్ళ మీద నిలబెట్టిన లెవెల్ మిషన్లోంచి చూస్తుంటే, ఇంకొకరు ఆ బావి దగ్గర, ఈ బోరు దగ్గర కొలకర్ర పట్టుకుని నిలబడాలి. ఆఫీసులో అటెండరు ఖాళీగా లేడు. ఆ సంగతి విని బావ, "కర్ర నేను పడతాను పద. నా గుట్ట సంగతి నేనే తేల్చుకుంటాను" అన్నాడు. ఆయన గెలుస్తాననే వచ్చాడు.

మబ్బు పట్టిన రోజది. గేటు దగ్గర మొదలుపెట్టి, కంచె పక్కనుంచి, ముళ్ళపొదలు తప్పించుకుంటూ గుట్ట చుట్టూ నడిచారు. బావ కొలకర్రని నిటారుగా, జెండాకర్రలా పట్టుకున్నాడు. బావి దగ్గర ఆగినప్పుడల్లా పాతాళం సన్నటి టేపు లోపలికి వదిలేది. దాని కొస నీళ్ళని తాకగానే కీచుమని కూసేది. ఆ కూతకి బావ ఒకసారి, "మీ అక్క కూడా ఇంతే, నేను కాస్త నీళ్ళు ఒలికిస్తే చాలు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. యార్డు కథంతా చెప్పుకుంటూ నడిచాడు. ఇది ఒకప్పుడు రాళ్ళు కొట్టిన గొయ్యి. ఆయన రాకముందు ఎన్నో ఏళ్ళు చెత్తని ఆ గోతిలో ఉత్త నేల మీదే పోశారు. అడుగున మందపాటి ప్లాస్టిక్ పరుపు వేసి, దాని మీద చెత్త పోయడం ఆయన వచ్చాకే మొదలైంది. కొత్త గుట్టలోంచి చుక్క కూడా కిందికి దిగదని ఆయన ధీమా. పాత గుట్ట గురించి ఎప్పుడూ పెద్దగా ఆలోచించలేదు, బోర్లు బాగున్నాయి కదా అని.

చివరి కొలత నర్సరీ బావిలో. ఆవిడ తోటలో లేదు, గిన్నెలు తోముతున్న చప్పుడు ఇంట్లోంచి వినిపిస్తోంది. బావి గట్టు మీద కూర్చుని పాతాళం అంకెలు చెబుతుంటే, బావ ఫోన్లో కూడికలూ తీసివేతలూ చేశాడు. లెక్కల్లో ఆయన చెయ్యి చురుకు. చేస్తూ చేస్తూ మధ్యలో ఆగాడు. చెరిపేసి మళ్ళీ మొదటినుంచి కట్టాడు.

"పాతాళం, ఇది నువ్వొకసారి కట్టు" అన్నాడు.

ఆమె కట్టింది. ఆయనకి వచ్చిందే ఆమెకీ వచ్చింది. నేల ఎత్తులో ఉన్నా, ఈ బావిలో నీళ్ళు బాగా లోతున ఉన్నాయి. ఆ నీటి మట్టం గేటు బోర్లలో మట్టం కంటే చాలా దిగువన ఉంది.

"అంటే నేల కింద నీళ్ళు గేటు వైపునుంచి బయల్దేరి ఇటు వస్తున్నాయి" అన్నాడు బావ.

"అవును బావా. కింద రాయి ఇటు వాలి ఉంది. గుట్ట కిందినుంచి దూరి ఇటే వస్తున్నాయి."

"మరి నేనిన్నాళ్ళూ తాగినవి?"

"గుట్ట కిందికి ఇంకా చేరని నీళ్ళు."

ఆయన కొలకర్రని నెమ్మదిగా పడుకోబెట్టాడు. బోర్లు వేసిన రోజున కాంట్రాక్టరు చోటు అడిగితే, గేటు దగ్గర వాలు చూపించి ఇక్కడే బాగుంటుందన్నది తానేనని చెప్పాడు. ఎవరికీ అనుమానం రాలేదు, తనకైతే అసలు రాలేదు. పాతాళం ఏదైనా అనాలనుకుంది. నేల మీద వాలు చూసి ఎవరైనా అదే అనుకుంటారు, పాత గుట్ట మీరు వేసింది కాదు, ఇలాంటివే. అవన్నీ నిజమే. అయినా ఆ పూట అవి చెబితే గాయం మీద ఉప్పు రాసినట్టవుతుందేమోనని ఊరుకుంది. ఇద్దరూ సామాను సర్దుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచారు.

తర్వాత నాలుగు రోజులు అక్క ఫోనెత్తలేదు. అయిదోనాడు తనే వచ్చింది, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడింది. మీ బావ అన్నం దగ్గర కూర్చుంటాడు గానీ తినడు, యార్డులో పూలమొక్కలకి నీళ్ళు పోయడం కూడా మానేశాడట, అంది. నువ్వు కాక ఇంకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అని కూడా అంది. పాతాళానికి ఆ మాట ములుకులా గుచ్చుకుంది. తను చెప్పలేదని, బావ తనే లెక్క కట్టుకున్నాడని చెబుదామనుకుని, అలా చెబితే తప్పించుకున్నట్టుంటుందని మానేసింది. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుంటే అక్క విడిపించుకోలేదు. ఇద్దరూ టీ తాగారు. వెళ్ళేముందు అక్క, "ఆయనకి కోపం నీ మీద కాదులే. ఆవిడ అన్నిసార్లు వస్తే నవ్వి పంపించానంటాడు. నిద్దట్లో కూడా అదే మాట" అంది.

రిపోర్టు వెళ్ళిపోయింది. మొదటి పేజీలో చుట్టరికం, తర్వాతి పేజీల్లో ఉన్నది ఉన్నట్టు. దాని మీద పైనుంచి ఏ మాటా రాకముందే ఒక ఉదయం బావ ఫోన్ చేసి, నర్సరీకి వెళ్తున్నాను, నువ్వు కూడా రా, నేనేదైనా తప్పు చెబితే దిద్దుదువు గాని, అన్నాడు.

ఆవిడ కుండీల్లో మాడిన ఆకులు తుంచుతోంది. ఇద్దర్నీ చూసి లేవలేదు. బావ నిలబడే చెప్పాడు.

"అమ్మా, మీ నీళ్ళు చెడింది మా గుట్ట వల్లే. మీరు అన్నిసార్లు వచ్చి చెప్పారు. నేను వినలేదు."

"వినకపోవడం ఒక్కటేనా మేనేజరు గారూ? నవ్వారు కూడా."

"నవ్వాను."

ఆవిడ ఇంకో రెండు ఆకులు తుంచి బుట్టలో వేసింది. "మీరు అన్నీ తెలిసే అబద్ధమాడుతున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. అబద్ధాలకోరుని తిట్టుకోవడం తేలికండీ, హాయిగా నిద్ర పడుతుంది. ఇప్పుడేమో, మొన్న పక్క బావుల నీళ్ళు పట్టడానికి వచ్చిన మీ మరదలు గారు, పాపం ఆయన నిజమనుకునే చెప్పాడంటున్నారు. ఇక నేనేమని తిట్టుకోను?"

"మీకెలా తోస్తే అలా తిట్టండి" అన్నాడు బావ. అని, బావి గట్టు మీదున్న చెంబు వైపు చెయ్యి చాచాడు. ఆ నీళ్ళు ఎలా ఉన్నాయో తను కూడా రుచి చూడాలనుకున్నాడో ఏమో. ఆవిడ చెంబు ఇవతలికి లాగేసింది.

"మీరు తాగితే నా మొక్కలు బతుకుతాయా? ఆ పట్టుదలేదో మంచినీళ్ళు పంపించడంలో చూపించండి."

ఆ మాటతో ఆయన ముఖంలోకి మళ్ళీ కాస్త ప్రాణం వచ్చింది. పని చెబితే చాలు, ఆయన మనిషవుతాడు. ఆ మధ్యాహ్నమే యార్డులో టైర్లు కడిగే ట్యాంకరుని లోపలా బయటా తోమించి, ఊరి కుళాయి నీళ్ళు నింపించి నర్సరీకి పంపాడు. రెండో ట్యాంకు పక్క వీధిలో ఉన్న నాలుగిళ్ళకి. వాళ్ళ బావులు కూడా చెడినట్టు పరీక్షలో తేలింది, కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా. బాగా చెడిన వాటికి పాతాళం మూతలు వేయించింది.

మిగతావన్నీ ప్రభుత్వం పనులు నడిచినట్టే నడిచాయి, అంటే తోసినప్పుడల్లా కాస్త. కుళాయి పైపు గుట్ట వెనక వీధి దాకా వేయడానికి ఒక వానాకాలం పట్టింది. పాత గుట్ట మీద వాన నీళ్ళు దిగకుండా బంకమట్టి పరిచి, పైన పరుపు కప్పించారు. గుట్టకీ నర్సరీకీ మధ్య కొత్త బోర్లు వేసి, ఊట అవతలికి పోకుండా అక్కడే తోడి శుద్ధి చేసే ఏర్పాటు పెట్టారు. ఈసారి ఎక్కడ వేయాలో పాతాళం చూపించింది, బావ సున్నంతో గుర్తు పెట్టాడు. మొదటి బోరు తోడినప్పుడు వచ్చిన నీళ్ళు పలచటి కషాయంలా ఉన్నాయి. బావ ఆ నీళ్ళు చూసి, ఇది ఎప్పటికి తేరుకుంటుందని అడిగాడు. మీరు రిటైరయ్యేలోపు మాత్రం కాదు బావా, అంది ఆమె. అయితే నా తర్వాత వచ్చేవాడికి ఈ పక్కన నిలబడి చూడమని చెప్పి పోవాలి, అన్నాడు. పైవాళ్ళు ఆయనకి ఒక సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఆయన దానికి ఒక్క వాక్యంలో జవాబు రాసి, పనిలో పడ్డాడు.

నర్సరీలో సగం మొక్కలు పోయాయి. మిగతా సగం కొత్త నీళ్ళకి నెమ్మదిగా చిగుళ్ళు వేశాయి. ఒక ఆదివారం, ఇంటి ముందు పెట్టుకోవడానికి మొక్కలు కావాలంటూ అక్క చెల్లెల్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చింది. తనెవరో చెప్పొద్దని ముందే కళ్ళతో సైగ చేసింది. తోటంతా తిరిగింది, రెండు మల్లె మొక్కలు ఏరుకుంది, బేరం ఆడకుండా కొనేసింది. నర్సరీ ఆవిడ మొక్కల వేళ్ళ చుట్టూ తడి గోనెపట్టా చుడుతూ, మాటల్లో మాటగా నీళ్ళ గొడవంతా చెప్పుకొచ్చింది. అవతల గుట్ట మీద, ఆదివారం కూడా, ఎవరో టోపీ పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆవిడ గడ్డంతో అటు చూపించింది.

"మేనేజరు. మనిషి మంచివాడేనమ్మా. కాకపోతే ఏదైనా బుర్రకెక్కాలంటేనే ఆలస్యం."

పాతాళం పెదవి కొరుక్కుని పక్కకి తిరిగింది. అక్క మాత్రం మొక్కలు రెండూ జాగ్రత్తగా చంకలోకి సర్దుకుని, "అవునండీ, చూస్తే అలాగే అనిపిస్తోంది" అంది.